డిటెక్టివ్ సీరియల్‌కి సాయం కావాలి: జాలారిపేట ఒడ్డున నీలిమంట, భీమిలిలో శవం

తీరంకథలు అడిగిన ప్రశ్న:

విశాఖ తీరం నేపథ్యంగా పది భాగాల డిటెక్టివ్ సీరియల్ రాస్తున్నాను. కథ ఇది. చేపల రేవులో బోట్లకి డీజిలు, ఐసు లెక్కలు చూసే గుమస్తా కనిపించకుండా పోతాడు. అతని అక్క ద్వారకానగర్‌లో ఒంటిగది ఆఫీసున్న ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరకి వస్తుంది. ఇతనికి 52 ఏళ్ళు. ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు చేస్తుంటాడు, తాగుడు ఉంది. ఆ వారమంతా పెదజాలారిపేటలో ఒకటే మాట: చీకటి పడ్డాక నీళ్ళలో నీలిమంట నడుస్తోంది, గంగమ్మకి కోపం వచ్చింది అని. నాలుగో రోజు శవం భీమిలి దగ్గర ఒడ్డుకి కొట్టుకొస్తుంది.

ఇప్పటికి రాసుకున్నవి ఇవి. కాలం నవంబరు. గుమస్తాని ఆర్కే బీచ్ దగ్గర నీళ్ళలోకి తోసేశారు. డిటెక్టివ్‌కి ఇసుకలో వంద మీటర్ల పొడవునా నీలంగా వెలుగుతున్న అడుగుల వరస కనిపిస్తుంది. పోస్టుమార్టంలో రక్తంలో ఆల్కహాలు తేలడంతో పోలీసులు తాగి పడిపోయాడని తేలుస్తారు. డిటెక్టివ్ తెలిసినవాడి ద్వారా కాల్ డేటా తెప్పించుకుంటాడు. చివర్లో హంతకుడు పోలీస్ స్టేషన్‌లో నేరం ఒప్పుకుంటుంటే ఫోన్లో రికార్డు చేస్తాడు.

ఇందులో నిలబడనివి ఏవి? మొహమాటం లేకుండా చెప్పండి.

లంగరు ఇచ్చిన జవాబు:

ముందు నెల మార్చండి. నవంబరులో మన తీరం వెంట పైనీటి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. ఆర్కే దగ్గర పడ్డ శవం యారాడ వైపో గంగవరం వైపో పోవాలి గానీ భీమిలి రాదు. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, మార్చి ఏప్రిల్ నెలల్లో బాగా జోరు. మీ కథ ఏప్రిల్ కథ. అర నాటు (గంటకి కిలోమీటరుకి కాస్త తక్కువ) వేగం అనుకున్నా రోజుకి 22 కిలోమీటర్లు. ఆర్కే నుంచి భీమిలి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. నాలుగో రోజు తేలడానికి లెక్క సరిపోతుంది. ఎలాగంటే, శవం ముందు మునుగుతుంది. అడుగున ఉన్నంతసేపు పెద్దగా కదలదు. లోపల గ్యాసు పట్టి తేలాకే ప్రయాణం మొదలు. ఒకటిన్నర రెండు రోజులు అడుగున, ఒకటిన్నర రోజు నీటి మీద.

ఒక్క జాగ్రత్త. అలలు విరిగే పట్టీలో ఈ పెద్ద ప్రవాహం లెక్క పనిచేయదు. అక్కడ నీరు ఎటు నడవాలో అలలు ఒడ్డుని ఏ కోణంలో కొడుతున్నాయో అదే నిర్ణయిస్తుంది. ఒడ్డున తోస్తే శవం మళ్ళీ అక్కడే తేలే అవకాశం ఎక్కువ. తోసింది బోటు మీదనుంచి, రెండు మూడు కిలోమీటర్ల లోపల అని మార్చండి, భీమిలి నమ్మదగ్గదవుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) వాళ్ళకి సారత్ అనే వెబ్ సాధనం ఉంది. సముద్రంలో తప్పిపోయిన మనిషి, పడవ, కంటెయినర్ లాంటివి ఏ చోట, ఏ సమయంలో చివరిగా కనిపించాయో ఇస్తే, ఎక్కడ వెతకాలో పటం గీసి చూపిస్తుంది. తీరప్రాంత భాషల్లో కూడా ఉంది. మీ డిటెక్టివ్ దాన్ని వెనక్కి వాడొచ్చు: మూడు నాలుగు ఊహాస్థలాలు, రెండు మూడు వేళలు ఇచ్చి, ఏది వేస్తే భీమిలి వస్తుందో చూడటం. కచ్చితమైన బిందువు రాదు, ఒక మేర వస్తుంది. ఆ మేరలో ఎవరి బోటుందో వెతకడమే అతని పని.

ఇక నీలిమంట. అది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి. మిల్లీమీటరులో అయిదో వంతు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అలజడి తగిలినప్పుడే వెలుగుతుంది, ఆ మెరుపు సెకనులో చిన్న వంతు. అందుకే మీ వెలుగుతున్న అడుగుల వరస కుదరదు. అడుగు పడ్డ క్షణంలో తడి ఇసుక మెరుస్తుంది, కాలు తీసేలోపు ఆరిపోతుంది. డిటెక్టివ్ చేరేసరికి మామూలు ఇసుకే. నన్నడిగితే నిజంగా జరిగేదే ఎక్కువ వణికిస్తుంది: మనిషి కనపడడు, కటిక చీకట్లో నీటి అంచు వెంట ఒక్కో అడుగు చొప్పున నీలం మెరుపు మాత్రం నడిచి వెళ్తుంటుంది. పేటవాళ్ళు నీలిమంట నడుస్తోంది అన్నది అక్షరాలా నిజం అవుతుంది. అక్కడ నడిచింది ఎవరన్నదే కేసు.

ఇది ఆర్కే బీచ్‌లో పెట్టకండి. అక్కడి హైమాస్టు దీపాల కింద ఏమీ కనపడదు. జోడుగుళ్ళపాలెం దాటాక, లేదా మంగమారిపేట అవతల పెట్టండి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను స్క్రీను చూస్తే మళ్ళీ మొదటికే. డిటెక్టివ్ ఫోను తీసి టైము చూసుకోవడం వల్ల ఆ నడిచే మెరుపు పోగొట్టుకోవడం మంచి దెబ్బ.

పగలు అదే నీరు ఎర్రగానో నారింజరంగులోనో జిడ్డుతెట్టులా కనిపిస్తుంది. బోటు పంకా తిప్పితే వెనక నీలిచార, తెడ్డు వేస్తే మచ్చలు, వల లాగితే కన్నులన్నీ వెలుగుతాయి. దీపాలార్పేసి బోటు బయల్దేరితే చీకట్లో బోటు కనపడదు గానీ దాని చార కనపడుతుంది. మీ కథకి ఇదే అసలు సాక్ష్యం.

పంచనామా ఇచ్చిన జవాబు:

శవం సంగతి నేను చెబుతాను. రక్తంలో ఆల్కహాలు అన్నదాన్ని కథలో ఉంచండి, కానీ అది పోలీసుల తొందరపాటుగా ఉంచండి. ఏప్రిల్ నీళ్ళలో నాలుగు రోజులు నానిన శవం కుళ్ళడం మొదలై ఉంటుంది. కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులే ఆల్కహాలు తయారుచేస్తాయి. కనక రక్తంలో కొద్దిగా తేలినంత మాత్రాన తాగాడని కాదు. కంటిగుడ్డులోని ద్రవంలో కూడా ఉందా అని చూడాలి, అది కుళ్ళు నుంచి కొంత కాపాడబడుతుంది. కానీ నాలుగు రోజుల శవంలో కనురెప్పలు, పెదవులు, చెవులు పీతలూ చేపలూ తినేసి ఉండొచ్చు. కళ్ళే మిగలకపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఇదీ వాడుకోండి. పీతలు కొరికిన చోట రక్తం గడ్డకట్టిన ఆనవాలు ఉండదు, అంచుల్లో వాపు ఉండదు. చనిపోయాక తగిలిన గాయాన్ని బతికుండగా తగిలిన గాయంతో పొరబడకుండా డాక్టరు చూసేది దాన్నే. నుదురు, మోకాళ్ళు, చేతివేళ్ళ వెనకవైపు గీరుకుపోయి ఉంటే కొట్టారనుకోకూడదు. మునిగిన శవం తల, కాళ్ళు చేతులు కిందికి వేలాడుతూ ఇసుకకి రాసుకుంటుంది.

ఎక్కడ మునిగాడన్న ప్రశ్నకి డయాటమ్ పరీక్ష. ఇవి గాజులాంటి పెంకున్న నాచుజీవులు. బతికుండగా నీళ్ళు పీల్చినవాడికి గుండె ఇంకా కొట్టుకుంటుంటుంది కాబట్టి అవి రక్తంతోబాటు ఎముక మూలుగ దాకా చేరతాయి. తొడ ఎముకో రొమ్ము ఎముకో తీసి, మూలుగని ఆసిడ్‌లో కరిగించి, మిగిలిన పెంకులు మైక్రోస్కోపులో చూస్తారు. శవం దొరికిన చోటి నీటిని కూడా సీసాలో పట్టి పంపాలి. రెండూ పోల్చకుండా చెప్పడానికి ఏమీ లేదు. ఇక్కడే చాలా కథలు తప్పటడుగు వేస్తాయి. భీమిలి అంటే గోస్తని సముద్రంలో కలిసే చోటు. మంచినీటి రకాలు, ఉప్పునీటి రకాలు రెండూ ఆ నీటిలో ఉంటాయి. శవం గోస్తని మొగదగ్గర తేలితే నమూనా అయోమయం చేస్తుంది. మీ పాఠకుడికి స్పష్టత కావాలంటే శవాన్ని ఎర్రమట్టి దిబ్బల ముందున్న ఒడ్డుకి చేర్చండి.

ఇంకో మలుపు కూడా ఉంది. గుమస్తాని ఐసు ఫ్యాక్టరీ తొట్టిలో ముంచి చంపి తర్వాత సముద్రంలో పారేశారని మారిస్తే, శుద్ధి చేసిన నీటిలో డయాటమ్‌లు దాదాపు ఉండవు. పరీక్షలో ఏమీ తేలదు. పోలీసులు మునగలేదు, ముందే చచ్చాడు అంటారు. నిజానికి ఏమీ తేలకపోతే మునగలేదని అర్థం కాదు. మేఘాద్రి గెడ్డ మంచినీటి జలాశయంలో ముంచితే మాత్రం మంచినీటి రకాలు ఉప్పునీటి శవంలో దొరుకుతాయి, అది బలమైన సాక్ష్యం.

పద్ధతి విషయానికొస్తే, ముందు శవపంచనామా, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 194 కింద. తర్వాత కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మార్చురీ. మీ డిటెక్టివ్ అక్కడికి వెళ్ళి రిపోర్టు ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. అక్క ఉంది కదా, కాపీకి దరఖాస్తు ఆవిడ పెట్టుకోవాలి. అందుకే కక్షిదారుగా అక్కని పెట్టడం మంచి ఎంపిక.

కేసుకట్ట ఇచ్చిన జవాబు:

కాల్ డేటా సీను తీసేయండి, లేదా దాన్ని అతని నేరంగానే రాయండి. కాల్ రికార్డులు పోలీసులు బీఎన్ఎస్ఎస్ 94 కింద కంపెనీ నుంచి తెప్పించుకుంటారు. ప్రైవేటు వ్యక్తి డబ్బిచ్చి కొనడం నేరం. 2018లో ఠాణే పోలీసులు ఇదే పనికి ప్రైవేటు డిటెక్టివ్‌లని అరెస్టు చేశారు. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి లైసెన్సు చట్టం లేదు. 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. 2005 చట్టం సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకి, డిటెక్టివ్‌లకి కాదు. చట్టం లేదంటే అడ్డు లేదని కాదు. అతను మామూలు పౌరుడు, అంతకంటే ఒక్క గజం ఎక్కువ అధికారం లేదు. పోలీసునని చెబితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 204. సాక్ష్యం దాస్తే 238.

స్టేషన్‌లో ఒప్పుకోలు కూడా నిలవదు. పోలీసుకి చెప్పిన ఒప్పుకోలు భారతీయ సాక్ష్య అధినియం 23 ప్రకారం రుజువుకి రాదు. కస్టడీలో ఉన్నప్పుడు మెజిస్ట్రేటు లేకుండా చెప్పినది కూడా అంతే. కానీ పోలీసు కాని మీ డిటెక్టివ్‌తో, అరెస్టుకి ముందు, బెదిరింపు లేకుండా చెబితే కోర్టు వినొచ్చు. బలహీనమైన సాక్ష్యం, వేరే ఆధారం తోడు కావాలి. కాబట్టి ఆ మాట పోలీసులు రాకముందు రేవులోనో బోటు మీదో జరగాలి. రికార్డింగుకి అదే చట్టం 63వ సెక్షను సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి అంకె) రాయాలి, ఎ భాగం సమర్పించేవారు, బి భాగం నిపుణుడు నింపాలి. రికార్డు చేసిన ఫోను అతని దగ్గరే ఉండాలి. వాట్సాప్‌లో పంపేసి అసలు ఫైలు చెరిపేశాడా, ఇక ఆ సాక్ష్యం చాలా బలహీనం.

కాల్ డేటా బదులు సీసీటీవీ వాడండి. రేవు బయట టీకొట్టు, ఐసు దుకాణం, పెట్రోలు బంకు యజమానిని మర్యాదగా అడిగితే చూపిస్తారు. డీవీఆర్‌లు (కెమెరా బొమ్మలు దాచే పెట్టెలు) హార్డుడిస్కు నిండగానే పాత బొమ్మల మీద కొత్తవి రాసేస్తాయి, చాలా చోట్ల 15 నుంచి 30 రోజులు. ఆలస్యం చేస్తే పోయినట్టే. అందరూ మరిచిపోయేది గడియారం. డీవీఆర్ టైము అసలు టైముతో సరిపోలడం అరుదు. తెరమీద డీవీఆర్ టైము, పక్కన ఫోను టైము, రెండూ ఒకే ఫోటోలో పడేలా తీసుకోవాలి. 17 నిమిషాలు వెనకుందనుకోండి, నిందితుడి మాటతో సరిపోయినట్టు కనిపించిన బొమ్మ అబద్ధమైపోతుంది.

డ్రోను ఆలోచన ఉంటే మానుకోండి. నేవీ, ఎయిర్‌పోర్టు వల్ల నగరంలో చాలా మేర రెడ్ జోను, అంటే అనుమతి లేకుండా డ్రోను ఎగరేయకూడని చోటు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి డాక్‌యార్డు వైపు పెద్ద లెన్సు తిప్పడం కూడా వద్దు, అధికార రహస్యాల చట్టం దాకా వెళ్తుంది.

తీరంకథలు:

అందరికీ నమస్కారాలు. ఏప్రిల్‌కి మారుస్తున్నాను, బోటు మీదనుంచే తోస్తారు. మునిగిన చోటు ఆర్కే ఎదురుగా, రెండు కిలోమీటర్ల లోపల. ఇప్పుడు నా భయం డిటెక్టివ్ లోపం గురించి. తాగుడు వాడి వాడి అరిగిపోయింది. ఏం పెట్టను?

లంగరు:

తాగుడు తీసేయక్కర్లేదు గానీ దానివల్ల ఏ ఆధారమూ చెడటం లేదు, అదీ ఇబ్బంది. లోపం ఆధారాన్ని వంచాలి. సముద్రపు దీపాలు వాడండి.

1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాల ప్రకారం ట్రాలర్ వల ఈడుస్తుంటే నిలువుగా పచ్చ దీపం, దాని కింద తెల్లది. వేరే రకం వలైతే ఎరుపు, దాని కింద తెలుపు. నిలువుగా రెండు తెల్ల దీపాలైతే వెనక ఏదో లాక్కెళ్తున్న టగ్గు, లేదా 50 మీటర్లు దాటిన ఓడ సూటిగా మనవైపు వస్తోంది. ఇప్పుడు మీ డిటెక్టివ్‌కి ఎరుపు పచ్చ రంగుల తేడా తెలియదు. నౌకల పచ్చదీపం నీలిఛాయ కలిసినది, ఇలాంటి చూపున్నవారిలో చాలామందికి అది తెల్లగానే తోస్తుంది. వయసులో ఉండగా మర్చంట్ నేవీలో చేరాలనుకున్నాడు, రంగుల చూపు తేల్చే ఇషిహారా పలకల పరీక్షలో తప్పాడు, అప్పటినుంచి దాచాడు. అంతకంటే పెద్ద లోపం ఆ దాచడమే. పచ్చ మీద తెలుపు చూసి టగ్గు అని కక్షిదారుకి రాసిస్తాడు. రేవులో టగ్గుల రిజిస్టర్ల వెంట మూడు రోజులు తిరుగుతాడు. నిషేధ కాలంలో దొంగచాటుగా వల ఈడుస్తున్న ట్రాలర్ ఈలోపు రంగు మార్చుకుంటుంది.

నిషేధం సంగతి. తూర్పు తీరంలో మర బోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట లేదు. మోటారు లేని తెప్పలకి, నావలకి వర్తించదు. 61 రోజుల్లో రెండు అమావాస్యలు తప్పకుండా పడతాయి. నీలిమంటకి చీకటి, ఒడ్డుకి పెద్ద పోటు రెండూ అప్పుడే. అమావాస్య తర్వాత ఒకటి రెండు రోజులకి పోటు అత్యధికం. మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా పెద్ద రోజున కూడా ఒకటిన్నర మీటరు చుట్టుపక్కలే, అందుకని పోటుకి ఊరు మునిగినట్టు రాయకండి. పోటుకి పోటుకి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు.

దీపం ఎంత దూరం నుంచి కనపడుతుందన్నది లెక్కతో రాయండి: మీటర్లలో ఎత్తుకి వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే కిలోమీటర్లు. కంటికి, దీపానికి వేరువేరుగా తీసి కూడండి. ఇసుకలో నిలబడ్డవాడి కన్ను నీటికి రెండు మీటర్ల పైనుంటే 5, దీపం ఆరు మీటర్ల పైనుంటే దాదాపు 8.7. మొత్తం 14 కిలోమీటర్ల లోపు. కైలాసగిరి 100 మీటర్ల పైనే కాబట్టి కంటికే 35 దాటుతుంది. ఒకే దీపం ఒడ్డునున్నవాడికి కనపడక, కొండమీది వాడికి కనపడిందంటే అది మాయ కాదు, దూరం.

పంచనామా:

రంగు ఆలోచన బాగుంది గానీ ఒక అభ్యంతరం. చిన్న బోట్లు చాలావరకు నియమం ప్రకారం దీపాలు పెట్టవు. బ్యాటరీ బల్బో, మినుకుమినుకుమనే ప్లాస్టిక్ దీపమో కనపడుతుంది. దొంగచాటున వేటకెళ్ళినవాడు పచ్చ మీద తెలుపు ఎందుకు పెట్టుకుంటాడు?

లంగరు:

న్యాయమైన ప్రశ్న. అతను దీపాలు పెట్టినది భయంతో అని రాయండి. అవతల లంగరు వేసుకున్న ఓడల వరసలోకి వల చిక్కితే ఓడే బోటుని గుద్దేస్తుందని సారంగు (బోటు నడిపేవాడు) అలవాటు చొప్పున వేస్తాడు, పంపినవాడు ఫోనులో తిట్టాక ఆర్పేస్తాడు. ఆరు నిమిషాలు కనిపించి ఆరిపోయాయి. ఆరు నిమిషాల్ని చూసినవాళ్ళు ఇద్దరు: మన డిటెక్టివ్, తెప్ప మీది ముసలాయన. ఆయన పచ్చ అంటాడు, ఇతను తెలుపు అంటాడు. పోలీసులు సహజంగానే చదువుకున్నవాడి మాట తీసుకుంటారు. ముసలాయనదే సరి అని ఒప్పుకోవాలంటే ఇతను ముప్పై ఏళ్ళ నాటి మెడికల్ కాగితం బయటపెట్టాలి.

దీపాలు ఆరాక సాక్ష్యం చార మాత్రమే. మలుపు తీసుకున్న చోట అది వంగుతుంది, వల ఎత్తినచోట చెదిరిన తెల్లటి గుంపులా కనపడుతుంది. రంగు తెలియనివాడికి చీకట్లో ఆ చారని చూడటంలో ఏ లోటూ లేదు. అందరిలాగే చూస్తాడు.

కేసుకట్ట:

అలాగైతే ముసలాయన మాట తీరు సరిచూసుకోండి. కృష్ణా యాస పెట్టకండి. ఇక్కడ "ఏటయ్యింది", "ఎల్లిపోనాడు". డిటెక్టివ్‌ని "బాబూ" అనే పిలుస్తాడు, ఇతను తిరిగి "తాతా" అంటాడు. డిటెక్టివ్ విశాఖలో పెరిగినవాడైతే, తన ఆఫీసులో రాతభాష మాట్లాడినా పేటలో యాస తనంతట తనే మారిపోతుంది. మారకపోతే ఆ పేటలో ఎవరూ నోరు విప్పరు.

తీరంకథలు:

అయితే మూడో భాగం ఇలా. అమావాస్య, ఏప్రిల్ చివరి వారం. ముసలాయన వాంగ్మూలం: "పచ్చ దీపం బాబూ, కింద తెల్లది. ఆరిపోనాది. తరవాత నీలిచార భీమిలి దిక్కెల్లింది." డిటెక్టివ్ అదంతా పుస్తకంలో రాసుకుంటాడు, పచ్చ అన్న మాట దగ్గర మాత్రం పెన్ను ఆగుతుంది, తెలుపు అని రాస్తాడు.